తొట్లకొండ మీద అమ్మ కాళ్ళు

నాన్న పోర్టులో క్రేన్ల దగ్గర పని చేసేవాడు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, బొగ్గు దించి వెళ్ళిపోతున్న ఒక చైనా ఓడలోని వంటవాడు ఆయన చేతిలో ఒక బొమ్మ పెట్టాడు. బానలాంటి బొజ్జ, బట్టతల, భుజాన సంచి, నోరంతా నవ్వు. నాన్న దాన్ని తెచ్చి టీవీ మీద పెట్టాడు. మర్నాడు నేను కాలేజీ నుంచి వచ్చేసరికి అది దేవుడి గూట్లో ఉంది, బొజ్జ మీద కుంకుమ బొట్టుతో.

"బుద్ధుణ్ణి టీవీ మీద పెడతారా ఎవరైనా?" అంది అమ్మ.

ఆయన బుద్ధుడు కాదని, ఎన్నో వందల ఏళ్ళ తరవాత చైనాలో తిరిగిన ఒక సన్యాసి అని లైబ్రరీ పుస్తకంలో చదివాను. "ఇంత లావాయన ఎముకలు తేలేలా తపస్సు ఎలా చేశాడమ్మా?" అని అడిగాను.

"తపస్సయ్యాక తిన్నాడేమో," అంది.

నాన్న నవ్వాడు, నేనూ నవ్వాను. అప్పటికి అది నవ్వుకునే విషయమే.

అమ్మకి చాలా ఏళ్ళుగా షుగరు. అరికాళ్ళలో స్పర్శ తగ్గుతోందని, చెప్పుల్లేకుండా గడప దాటొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఇంట్లో తిరగడానికి కూడా నాన్న మెత్తటి హవాయి చెప్పులు కొనిపెట్టాడు. అమ్మ వాటిని ఒక్క వంటింట్లో మాత్రం విడిచేది, పొయ్యి దగ్గర మైలవుతుందని.

మా పై వాటాలో ఒక ఆంటీ ఉండేది. ఈ ఊరావిడే, భర్త స్టీల్ ప్లాంటులో. ఎక్కడో నేర్చుకొచ్చి, మధ్యాహ్నాలు తన హాల్లో చుట్టుపక్కల ఆడవాళ్ళని కూర్చోబెట్టి ధ్యానం చేయించేది. ముందు బుద్ధుడి పటానికి కొబ్బరికాయ, హారతి. దశావతారాల్లో తొమ్మిదోది కదా, ఆ మాత్రం చెయ్యకపోతే ఎలా అనేది. తరవాత కళ్ళు మూసుకుని ఊపిరిని గమనించడం. అమ్మ పోయి కూర్చోవడం నాకూ బాగానే అనిపించింది. కృష్ణా జిల్లా పల్లె నుంచి వచ్చి ఇన్నేళ్ళయినా అమ్మకి ఇక్కడ స్నేహితురాళ్ళు లేరు. ఏ పేరంటానికి వెళ్ళినా గుమ్మం దగ్గరే కూర్చుని, తాంబూలం తీసుకుని వచ్చేసేది. నేనూ అంతే. మాట్లాడాల్సినవి డైరీలో రాసుకుని ఊరుకునే రకాన్ని.

మొదట ఇంట్లో చేపలు పోయాయి.

"ఏటమ్మా, వారం నుంచి తలుపు తీత్తన్లేవు?" అంటూ ఒకరోజు చేపలమ్మి గంప గుమ్మంలో దించేసింది. "కానాగడతలు. ఇప్పుడే దిగినాయి, సూడు."

"మానేశామమ్మా. బుద్ధుడి దారిలో ఉన్నాం."

"సేపలు తిన్నోళ్ళని కొడతాడేటి ఆ బాబు? మరి అయ్యగారో? ఆయన కూడా బుద్ధుడేనా?"

లోపల పేపరు చదువుతున్న నాన్న గట్టిగా దగ్గాడు. బుద్ధుడు భిక్షాపాత్రలో ఎవరేది వేస్తే అది తిన్నాడని, తన కోసం చంపినది మాత్రమే వద్దన్నాడని ఆ పూట అమ్మకి చెప్పాను. "నీకు చేపల పులుసు కావాలంటే కావాలని చెప్పు, ఆయన మీద పెట్టకు," అంది.

చేపల తరవాత మాత్రలు పోయాయి. కంచం పక్కన నేను పెట్టినవి పెట్టినట్టే ఉండేవి. ఆంటీ మాటలు మెట్ల మీంచి నాకూ వినపడేవి. "మందులేటి, మాకులేటి వదినా! బుద్ధుడు ఏ మాత్ర మింగాడు? ఊపిరి సూసుకుంటా కూకుంటే రోగం దానంతటదే దిగిపోద్ది."

బుద్ధుడు మందు తీసుకున్నాడు. ఆయనకి ఒక వైద్యుడు ఉండేవాడు, జబ్బు చేస్తే విరేచనాల మందు ఇచ్చాడు. భిక్షువు దగ్గర ఉండదగిన నాలుగింటిలో ఔషధం ఒకటి. ఇదంతా నోటితో చెప్పడం చేతకాక, ఆ పేజీలో బస్సు టిక్కెట్టు పెట్టి పుస్తకం అమ్మకిచ్చాను. అమ్మ అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతుంది. రెండు మధ్యాహ్నాలు చదివింది. నేను పెట్టిన పేజీ దగ్గర ఆగలేదు, చివరిదాకా వెళ్ళింది.

"చూశావా," అంది పుస్తకం తిరిగిస్తూ. "పోయే ముందు అంత జబ్బు చేస్తే, ఆ నొప్పంతా ఓర్చుకుని నడిచాడట. నీ పుస్తకంలోనే ఉంది."

"మరి వైద్యుడి సంగతో?"

"అది ఆయన భిక్షువులకి చెప్పుకున్నది. నేను సంసారిని కదే."

నాన్నని చెప్పమన్నాను. "చదువుకున్నదానివి, నువ్వు చెబితేనే వినలేదు, నా మాట వింటుందా?" అన్నాడు. ఆయనకి నైట్ డ్యూటీలు. పగలు నిద్ర. మాత్రల డబ్బా నెలాఖరుకి నిండుగానే ఉంటే దాన్ని ఇద్దరం చూసేవాళ్ళం, మళ్ళీ అక్కడే పెట్టేసేవాళ్ళం.

ఎండాకాలంలో ఆంటీ ఒక వ్యాను మాట్లాడి అందరినీ తొట్లకొండ తీసుకెళ్ళింది. అమ్మ రమ్మంటే నేనూ వెళ్ళాను. భీమిలి రోడ్డు మీంచి కొండెక్కితే పైన పాత స్తూపం, భిక్షువుల గదుల పునాదులు, ఎదురుగా సముద్రం. మేం చేరేసరికే ఎండ ముదిరిపోయింది.

"సెప్పులు వ్యానులోనే ఇడిసీండి. ఇది బుద్ధుడు నడిసిన నేల," అంది ఆంటీ.

"ఆయన ఇంత దూరం రాలేదండీ," అన్నాను. "తరవాతెప్పుడో భిక్షువులు ఉన్నారంతే."

"నువ్వు సూసేవేటి పాపా?"

అందరూ నవ్వారు. అమ్మ అప్పటికే చెప్పులు విడిచేసింది. నేను వాటిని చేతిలో పట్టుకుని వెంటపడ్డాను. "అమ్మా, వేసుకో. డాక్టరు ఏం చెప్పాడు?"

"ఇక్కడ కూడా డాక్టరేనా?" అంది, చుట్టూ ఉన్నవాళ్ళకి వినపడేలా. మళ్ళీ నవ్వులు.

రాళ్ళు పెనంలా ఉన్నాయి. ఆడవాళ్ళు "అమ్మో, అమ్మో" అంటూ చీరలెత్తిపట్టి నీడలోకి గెంతారు. అమ్మ ఒక్కతే మిగిలింది. చేతులు జోడించి, తొందర లేకుండా, స్తూపం చుట్టూ ప్రదక్షిణం చేసింది. మూడోసారి తిరిగేసరికి అందరూ నీడలోంచి ఆవిణ్ణే చూస్తున్నారు.

"కాలతన్లేదా వదినా?"

"లేదే! చల్లగా ఉన్నట్టే ఉంది."

ఆంటీ వంగి అమ్మ కాళ్ళకి దణ్ణం పెట్టింది. ఆ వెనక ఇంకొకావిడ. అమ్మ వద్దు వద్దంటూనే నిలబడింది. పుట్టినప్పటి నుంచి నేను చూస్తున్న ముఖం అది. అంత వెలుగు అందులో నేనెప్పుడూ చూడలేదు. చెప్పులు పట్టుకుని పక్కన నిలబడ్డాను. ఎందుకు కాలలేదో అక్కడ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

వ్యానులో చూస్తే రెండు అరికాళ్ళ నిండా బొబ్బలు, కుడికాలికి ఎక్కువ.

ఇంటికొచ్చాక అమ్మ పసుపు రాసుకుంది. ఎడమకాలివి మానాయి. కుడికాలి బొబ్బలు చితికి, బొటనవేలి కింద పుండు పడింది. నేను కట్టు కట్టబోతే కాలు లాక్కునేది. ఇప్పుడు పైన హాల్లో అమ్మది ముందు వరస. కొత్తగా వచ్చినవాళ్ళకి ఆంటీ అమ్మని చూపించి కొండ సంగతి చెప్పేది. మందు వేసుకుంటే ఆ సంగతంతా ఏమైపోతుంది? నాకు అర్థమయ్యేది. అందుకే ఇంకా ఏం చెయ్యాలో తెలిసేది కాదు.

"తగ్గాలని లేదా నీకు?" అని ఒకరోజు ఏడ్చేశాను.

"తగ్గాలనుకోవడం కూడా కోరికే కదే. కోరికే దుఃఖానికి మూలం అన్నాడు."

ఆయన అన్న తృష్ణ అది కాదమ్మా, దాహమేసినవాడు నీళ్ళు తాగడం తప్పన్నాడా, అన్నాను. అమ్మ నా తల నిమిరింది, చిన్నపిల్లకి జ్వరమొస్తే నిమిరినట్టు. వేలు నల్లబడుతోంది. గదిలో వాసన. అమ్మ సాంబ్రాణి వెలిగించేది.

చలిజ్వరంతో అమ్మ స్పృహ తప్పాక గానీ ఆసుపత్రికి తీసుకెళ్ళలేకపోయాం. అప్పుడిక ఆవిణ్ణి అడిగే పని లేదు కాబట్టి నాన్న ఎత్తుకుని ఆటోలో పెట్టాడు. బొటనవేలు, పక్క వేలు తీసేశారు. కుళ్ళు ఇంకా పైకి పోకుండా చూద్దాం అన్నారు.

కొన్నాళ్ళకి డాక్టరు రెండో కాలు పరీక్షించాడు. "కళ్ళు మూసుకోండమ్మా. గుచ్చినప్పుడు చెప్పండి." అమ్మ అలవాటుగా వెన్ను నిటారుగా పెట్టి కళ్ళు మూసుకుంది. ఆయన గుండుసూదితో మడమ మీద, మధ్యలో, వేళ్ళ కింద గుచ్చాడు. చిన్న రక్తపు చుక్క కనపడింది.

"ఊఁ, గుచ్చండి," అంది అమ్మ.

ఎవరం మాట్లాడకపోతే కళ్ళు తెరిచింది. సూదిని, చుక్కని, నన్ను చూసింది. డాక్టరు ఏదో రాసుకుని పక్క మంచానికి వెళ్ళాడు.

"ఆ రోజు కొండ మీద కూడా ఇదేనా?"

అన్ని నెలలు నేను చెప్పాలని చూసింది అదే. అవునని తలూపాను. అమ్మ దుప్పటి కాళ్ళ మీదికి లాక్కుంది. "పైన వాళ్ళకి చెప్పకు," అంది.

సాయంత్రం ఆంటీ నలుగురిని వెంటబెట్టుకుని వచ్చింది. "నొప్పేమైనా ఉందా వదినా?" అని అడిగింది.

"లేదు," అంది అమ్మ.

వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, మంచం చివర నిలబడి చేతులు జోడించారు. నేను బత్తాయి వొలుస్తూ కూర్చున్నాను. అమ్మ నా వైపు చూడలేదు.