వాగు ఒడ్డున హలో

మా ఇంగ్లీషు మేడం పోయారు. వైరాలో, సొంతింట్లో, నిద్రలోనే పోయారట. మీలో చాలామందికి ఆమె తెలియదు. తెలిసినవాళ్ల చెవుల్లో మాత్రం ఆమె గొంతు ఈపాటికి మోగుతూనే ఉంటుంది.

ఆ పొద్దున ఆమె నంబరు నుంచే ఫోను వచ్చింది. ఖమ్మంలో ఒక దవాఖానా రిసెప్షన్‌లో నా కొలువు. పగలంతా హలో అనడమే పని. అలవాటుగా "హలో మేడం" అన్నాను. ఆమె ఎప్పుడూ తిరిగి హలో అనేవారు కాదు, "ఓ..." అని సాగదీసి పలికేవారు. ఆ రోజు ఆ పలుకు రాలేదు. "అక్కా, అమ్మ పోయింది" అన్నాడు ఆమె కొడుకు.

ఆ "ఓ" సంగతి మీకు చెప్పాలి. మాది చర్ల దగ్గర, తాలిపేరు వాగు అవతలి గూడెం. వానాకాలం వాగు నిండితే పడవే దారి. పడవ తాత మా ఒడ్డున ఉండేవాడు. చర్ల వైపు ఒడ్డుకు ఎవరొచ్చినా నిలబడి కేక వేయాలి. ఆ కేక చెవిన పడ్డవాళ్లు ఎవరైనా సరే, చేతిలో పని ఆపి "ఓ..." అని బదులు పలకాలి. తాతను పిలవడం ఆ తర్వాతే. పిలుపు ఉత్తగా పోతే ఊరికి మంచిది కాదని మా పెద్దల మాట.

మా గూడెం బడికి కొత్తగా వచ్చి, చర్లలో గది కిరాయికి తీసుకున్న మేడంకు ఇవేమీ తెలియవు. మొదటి రోజు వానలో ఒడ్డుకు వచ్చి, అరవడానికి సిగ్గుపడి, గొడుగు ఊపుతూ నిలబడ్డారు. మేం పిల్లలం ఇవతల వరసగా కూర్చుని చూస్తూనే ఉన్నాం. పిలవలేదు కదా, రావాలని లేదేమో అనుకున్నాం! ఆమె కోపం ముక్కు మీదే ఉండేది. చివరికి తడిసి ముద్దయి, "ఓయ్! మనుషులేనా మీరు? నన్ను తీస్కపోతరా లేదా?" అని ఒక్క అరుపు అరిచారు. గూడెం సగం "ఓ..." అంది.

"గంతమంది ఒక్కసారే పలికేసరికి ఏడుపొచ్చిందే నాకు. నా పెండ్లిల గూడ నన్ను గిట్ల ఎవరు పిలుచుకోలే" అనేవారు తర్వాత, నవ్వుతూ.

మా సర్పంచ్ ఇంటికి ఫోను వచ్చిన ఏడు, క్లాసులో లేచి అడిగాను. "మేడం, హలో అంటే ఏంది?"

పుస్తకం మూసేశారు. హలోకు ముందు హల్లో, హోలా లాంటి కేకలు ఉండేవట. దూరాన ఉన్నవాళ్లను ఆపడానికో, ఇటు చూడమనడానికో వేసే కేకలు. వాటి మొదలు, ఎక్కడో చలిదేశాల్లో ఒడ్డున నిలబడి పడవవాణ్ణి పిలిచే పిలుపని కొందరు పండితులు అంటారట. "ఒట్టేసి చెప్పను. వాళ్లల్ల వాళ్లకే పడదు. ఫోను కనిపెట్టినాయన గూడ ఓడలోళ్ల కేకనే అనమన్నడట. జనం ఇన్లే, హలోనే పట్టుకున్నరు." తర్వాత కిటికీలోంచి వాగు వైపు చూస్తూ అన్నారు, "నాకైతే నిజమే అనిపిస్తదే. తొలిరోజు ఒడ్డున నేనేసింది గదే గద!"

మర్నాటి నుంచి చర్ల ఒడ్డున నిలబడి "హలో..." అనే కేక వేసేవారు. నీళ్ల మీదుగా ఆ మాట వస్తే, బువ్వ తింటున్న ముసలమ్మ కూడా నోట్లో ముద్దతోనే "ఓ..." అనేది.

మేడం రిటైరై వైరా వెళ్లాక మాకు ఫోనులే మిగిలాయి. "పిలిచేటోళ్లకు పని ఉంటది. పలికేటోళ్లకు మనసుండాలె" అనేవారు. దవాఖానాలో విసుగొచ్చి నేను కసురుకోబోయిన ప్రతిసారీ ఆ మాట అడ్డం పడేది. ఎన్నిసార్లు నా ఉద్యోగం నిలబెట్టిందో ఆమెకు తెలియదు.

వైరాలో మట్టి వేసి వచ్చాను. తర్వాత కూడా ఆమె నంబరుకు ఫోను చేశాను. మోగి మోగి ఆగిపోయింది. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి ఆ "ఓ" వినాలని ప్రాణం కొట్టుకుంది. ఇంట్లో ఉండలేక చర్ల బస్సెక్కాను.

వాగు నిండుగా ఉంది. ఇప్పుడు కేకలు వేసేవాళ్లు లేరు, పడవ నడిపేవాళ్ల నంబరు అందరి దగ్గరా ఉంది. నా దగ్గరా ఉంది. ఫోను సంచిలో పెట్టేశాను. మేడం నిలబడే చోట నిలబడ్డాను. పాత కట్టుబాటు ఎవరికైనా గుర్తుందో లేదో, ఎవరూ పలకకపోతే ఇక్కడ కూడా ఆమె లేనట్టే కదా అని భయమేసింది. అయినా గొంతెత్తి, "హలో..." అన్నాను.

నీళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు.

అంతలో అవతల వెదురు పొదల వెనక నుంచి, మనిషి కనబడకుండా, ఎవరో ఆడమనిషి గొంతు "ఓ..." అంది. ఆ వెంటనే ఇంకెవరో. ఆ పైన పిల్లలు.

వాన మొదలైంది. పడవ ఇంకా కదలలేదు. నేను గొడుగు తెరవకుండా అక్కడే నిలబడ్డాను.