కమలాపండు క్యాచ్

డబ్లిన్‌లో చెర్రీవుడ్ వెళ్లే ట్రామ్ మలుపు తిరుగుతుంటే, ఎదురు సీట్లో పెద్దావిడ సంచిలోంచి కమలాపండు జారింది. కాలేజీలో వికెట్ కీపర్ని కదా, రెండు చేతులూ చాచాను. పక్కనున్న ముసలాయన నాకంటే ముందే ఎడమ చేత్తో పట్టేశాడు. కుడి చెయ్యి మాత్రం వీపు వెనక దాచుకున్నాడు.

ఎందుకలా అని అడిగాను.

"అమెరికాలో ప్రొఫెషనల్ బేస్‌బాల్ టీమ్‌లో బ్యాటర్ వెనక బంతి పట్టే క్యాచర్ని. మాకు ఒక్క చేతికే గ్లవ్. రెండోది దాచుకోకపోతే బంతి తగిలి వేళ్లు విరుగుతాయి."

"అయితే వేళ్లు దక్కాయన్నమాట."

ఆయన కుడి చెయ్యి చూపించాడు. మూడు వేళ్లు మూడు దిక్కులు చూస్తున్నాయి.

"గ్రాండ్‌గా ఉన్నాయి," అన్నాడు. ఐర్లండ్‌లో ఎలా ఉన్నా 'బాగానే ఉంది' అనడానికి అదే మాట.

రెండు గ్లవ్స్ తొడుక్కున్నా వంకరపోయిన నా చిటికెన వేలు చూపించాను.

పెద్దావిడ మా చేతులు తేరిపార చూసింది. "ఆ పండు ఇలా ఇచ్చేయండి," అంది, "దానికీ ఏదో ఒకటి అవకముందే."