నాలుగో కాపీ

మా మావయ్య పోయారన్న కబురు మా ఆవిడ తెచ్చింది. గోపాలపట్నానికి మారి మూడేళ్లయినా కూరలకి కంచరపాలెం మార్కెట్టుకే వెళుతుంది. ఆ రోజు ఖాళీ సంచితో తిరిగొచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. "బాబాయి పోయారు. పొద్దున్న టీ తాగి పేపరు చదువుకుంటా కుర్చీలోనే ఉండిపోయారంట" అంది. నేను అప్పుడే సూదిమందు వేసుకుని టిఫినుకి కూర్చున్నాను. ప్లేటు పక్కకి జరిపి చెప్పులేసుకున్నాను. ఆవిడ వెనక్కి లాగి కూర్చోబెట్టింది. "తినండి. సూది వేసుకుని తినకుండా వెళ్తే ముందు ఆయనే తిడతారు" అంది. ఏడుస్తూనే రెండు ఇడ్లీలు తిన్నాను.

మావయ్య అంటున్నానే గాని చుట్టరికమేమీ లేదు. కంచరపాలెంలో పదేళ్లపాటు మా గోడకి ఆనుకున్న గోడ వాళ్లది. నాకు మావయ్య, మా ఆవిడకి బాబాయి. వరస కుదిరిందని ఆయనే మురిసిపోయేవారు. ఎలమంచిలి అవతల పల్లెలో వ్యవసాయం చేసే ఇంట్లో పుట్టి, పోర్టులో ఒక షిప్పింగ్ ఏజెంటు దగ్గర గుమాస్తాగా చేరారు. ఓడ రేవులో ఆగగానే నిచ్చెన ఎక్కి కెప్టెన్ దగ్గరికి వెళ్లడం, ఆ ఓడకి కావలసిన కాగితాలు, నీళ్లు, కూరలు చూడటం ఆయన పని. ఓడలో ఎవరైనా జబ్బుపడితే ఆసుపత్రిలో చేర్పించి, ఖర్చెవరు పెట్టుకుంటారని ఓడ యజమానికి టెలెక్స్ యంత్రం మీద తంతి కొట్టించడం కూడా ఆయన పనే.

ఆయన చొక్కా జేబులో రెండు పెన్నులూ, మడతపెట్టిన కార్బన్ కాగితమూ ఎప్పుడూ ఉండేవి. ఏది రాసినా కింద కార్బన్ పెట్టే రాసేవారు. పాలవాడికి రాసిన చీటీకి కూడా కాపీ ఉండేది. వేళ్లకి అంటిన నీలం దిండు గలీబులకీ, తలుపు గడియకీ, ఒక్కోసారి పెరుగు గిన్నెకీ అంటేది. "మీ మావ సెయ్యెట్టిన సోటల్లా సిరానే" అని అత్తయ్య దులిపేసేది. ఆయన నవ్వేసి, "కాపీ నేని కాయితం రాయనట్టే లెక్క. ముద్ర పడని కాపీ సిత్తుకాయితం" అనేవారు. మొదట్లో నాకు అదొక పిచ్చిలా కనిపించేది.

నాకు ముప్పై రెండేళ్లకే సుగరు పట్టుకుంది. మాత్రలతో అయ్యే రకం కాదు, రోజుకి రెండు పూటలా ఇన్సులిన్ వేసుకోవాలి. మా వరస ఇళ్లలో ఫ్రిజ్ ఒక్క మావయ్య వాళ్లింట్లోనే ఉండేది. కాబట్టి నా మందుసీసా వాళ్ల పెరుగు గిన్నె పక్కన కాపురం పెట్టింది. రెండు పూటలా నేను వెళ్లి సీసా తీసుకుని, వాళ్ల వంటింట్లో మరిగించిన గాజు సిరంజిలోకి మందెక్కించుకుని వచ్చేవాణ్ని. ఈ సంగతి మా రెండిళ్లకీ తప్ప ఎవరికీ తెలియదు. ఓడలకి ఇనపరాయి ఎక్కించే యంత్రాలు నడిపే కంపెనీలో నేను ఎలక్ట్రికల్ ఫోర్‌మన్‌ని. సుగరని తెలిస్తే పై మెట్టు ఎక్కనివ్వరని నా భయం.

ఎనభైల మొదట్లో కంపెనీ కొత్త యంత్రం కొనాలనుకుంది. దాని పని నేర్చుకోవడానికి ఇద్దరిని మూడు నెలలు జపాను పంపుతామన్నారు. ఒకడు నా దోస్తు, రెండోవాణ్ని నేను. వెళ్లొచ్చినవాడికి షిఫ్టు ఇన్‌ఛార్జి ఉద్యోగం ఖాయం. నింపమని ఒక ఫారం ఇచ్చారు. అక్కడ జబ్బుపడితే ఖర్చు కంపెనీ పెట్టుకుంటుంది గానీ, దాచిన పాత జబ్బుకి మాత్రం ఉద్యోగే పెట్టుకోవాలని అందులో ఉంది. దాని కిందే "ఏవైనా జబ్బులున్నాయా?" అన్న ప్రశ్న.

"బావా, నేవని కొట్టీ. జపానోడు నీ రగతం తీసి సూత్తాడేటి?" అన్నాడు దోస్తు. నేను "లేవు" అని రాసి ఇచ్చేశాను. మా ఊళ్లో అప్పుడు పై దేశం వెళ్లే ఎవడైనా చేసే పనే అది. ఫారంలో జబ్బు రాయడమంటే మన టిక్కెట్టు మనమే చింపుకోవడమని అందరికీ నమ్మకం.

ఆ సాయంత్రం సీసా కోసం వెళ్లినప్పుడు గొప్పగా చెప్పాను. మావయ్య మెచ్చుకోలేదు. ఒక తెల్ల కాగితం, పెన్సిలు నా ముందు పెట్టారు.

"రాయి అల్లుడూ. నువ్వు జపాన్లో పడిపోనావు. ఆసుపత్రోలు డబ్బెవులు కడతారని అడుగుతన్నారు. టెలెక్స్ రాయి."

ఆటకదా అని రాశాను. "ఆసుపత్రిలో ఉన్నాను. ఖర్చు భరించగలరు."

"బాగుంది. పైన ఎవులికో రాయనేదు."

"ఇంకెవరికి? మా కంపెనీకి."

ఆయన ఇంకో పెన్సిలు తీసుకుని నా రాత కింద జవాబు రాశారు. "పాత జబ్బు. దాచారు. ఖర్చు మాది కాదు." తర్వాత నా వైపు చూసి, "ఇప్పుడు దీనికి నువ్వేటి రాత్తావు?" అన్నారు.

నేను ఆయన రాసిన జవాబు మళ్లీ చదివాను.

"ఇది నాను అల్లినది కాదురా. రెండేళ్ల కింద ఓ ఓడలో వంటోడు ఇక్కడ పడిపోనాడు. గుండిజబ్బు. కొలువు పోద్దని దాసేడు. ఓడోలు అచ్చం ఇదే మాట కొట్టేరు. ఓడ ఎల్లిపోనాది, ఆడు ఉండిపోనాడు. నెల దాటిపోనాది. ఆకరికి సేతి ఉంగరం అమ్మిపెట్టమన్నాడు. పెళ్లినాటి ఉంగరం, రాదే! సబ్బు రాసి నానే లాగేను. ఆడు అటు తిరిగి కూకున్నాడు." ఆయన తన వేళ్లనే చూసుకుంటూ అన్నారు. "నీ పెళ్లాం మెళ్లోది ఎవులు తీత్తారు? మల్లీ నానేనా?"

నాకు ఒళ్లు మండింది. పెన్సిలు విసిరేసి వచ్చేశాను. ఇంటికెళ్లాక మాత్రం మా ఆవిడ మెడ వైపు చూడలేకపోయాను.

రెండు రోజులు గింజుకుని, మళ్లీ ఆయన దగ్గరికే వెళ్లి కూర్చున్నాను. నాకు సుగరుందనీ, ముందు ఫారంలో తప్పు రాశాననీ, రోజూ సూది వేసుకుంటూ పని చేసుకోగలుగుతున్నాననీ నా చేతనే ఉత్తరం రాయించారు. మూడు కార్బన్లు పెట్టించి గట్టిగా నొక్కి రాయమన్నారు. డాక్టరు చీటీ జత చేయించారు. "నాలుగింటి మీదా మీ మేనేజరు సంతకం, ఆఫీసు ముద్ర పడాల. ఒకటి తగ్గినా ఇంటికి రాకు" అన్నారు.

మేనేజరు చదివి, చూద్దామన్నాడు. ఆ చూడటం నాలుగు వారాలు పట్టింది. దోస్తు పాస్‌పోర్టు వచ్చేసింది, నా పేరు పక్కన ప్రశ్నార్థకం పెట్టారు. మొదటి వారం తిరిగేసరికే క్యాంటీనులో నా గ్లాసులో చక్కెర వేయకుండా టీ ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ రోజు ఇంటికొచ్చి, వీధిలో నలుగురూ వింటుండగా గోడమీంచి ఆయన మీద అరిచాను. "నీ కాపీల పిచ్చితో నా బతుకు బుగ్గిపాలు చేశావు మావా! ఇంక నీ గడప తొక్కను" అన్నాను.

అన్నానే గాని తొక్కక తప్పుతుందా? మందు వాళ్ల ఫ్రిజ్‌లో ఉంది. మర్నాడు పొద్దున్నే తలొంచుకుని వాళ్ల వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. ఆయన సీసా తీసి, చల్లదనం తగ్గడానికి అరచేతుల మధ్య కాసేపు దొర్లించి, నా చేతిలో పెట్టారు. నేను పలకలేదు, ఆయనా పలకలేదు. మూడు వారాలపాటు రెండు పూటలా అదే వరస. ఒక్క రోజు కూడా ఆ సీసా అరచేతుల్లో దొర్లించకుండా ఇవ్వలేదు. అంత మొండివాణ్ని నేను. అంత మంచి మనిషి ఆయన.

చివరికి మేనేజరు పిలిచాడు. నా ఉత్తరం నాలుగు ప్రతుల మీదా "చదివాను. ఈ జబ్బుకి అక్కడ వైద్యం అవసరమైతే ఖర్చు కంపెనీదే" అని రాసి సంతకం చేసి ముద్ర వేశాడు. ఒకటి ఫైల్లో పెట్టుకున్నాడు, ఒకటి జపాను ఫ్యాక్టరీకి పంపించాడు. మిగతా రెండూ పట్టుకుని తిన్నగా మావయ్య ఇంటికి వెళ్లాను. ఆయన సంతోషం చూపించకుండా ముద్రలు వెలుతురుకి పెట్టి చూశారు. ఒకటి ప్లాస్టిక్ కవర్లో పెట్టి నాకిచ్చి, నాలుగోది ఇనప్పెట్టెలో పెట్టుకున్నారు. "నువ్వక్కడ పడితే ఇక్కడ టెలెక్స్ కొట్టించాల్సినోడు ఒకడుండాల" అన్నారు. అప్పుడు కాళ్లు పట్టుకున్నాను. "నెగురా, సాల్లే" అన్నారు.

జపానులో అయిదు వారాలు హాయిగా గడిచాయి. ఆరో వారంలో కొత్త బూట్లు మడమ దగ్గర ఒరుసుకున్నాయి. సుగరున్నవాడికి పుండంటే ఏమిటో తెలిసి కూడా, పని మానితే అలుసయిపోతానని బూటు బిగించుకుని తిరిగాను. నాలుగో రోజుకి కాలు వాచి జ్వరం ముంచుకొచ్చింది. ఫ్యాక్టరీవాళ్లు ఆసుపత్రిలో చేర్చారు. కోసి శుభ్రం చేయాలి, ఆలస్యమైతే పాదం దక్కదని చెప్పారు. ఆ రోజే కోశారు గానీ, ఇంకా రెండు సార్లు కోయాలనీ, చాలా రోజులు ఉండాలనీ అన్నారు.

మర్నాడు కళ్లజోడు పెట్టుకున్న పెద్దావిడ ఒకామె కాగితాలతో నా మంచం పక్కకి వచ్చింది. ఆసుపత్రి లెక్కలు చూసే ఆవిడ. ఇంగ్లీషు కొద్దిగా వచ్చు. మెత్తగానే అడిగింది, ఇదంతా ఎవరు కడతారని. నేను ప్లాస్టిక్ కవరు ఇచ్చాను. చదివి తల ఊపి, మా కంపెనీకి టెలెక్స్ పంపి అడుగుతామంది. ఆ రోజు జవాబు రాలేదు. రెండో రోజూ రాలేదు. కాలి నొప్పి కన్నా ఆ ఎదురుచూపు ఎక్కువ బాధపెట్టింది. కళ్లు మూసుకుంటే సబ్బు నురగలో ఉంగరం కనిపించేది.

మూడో రోజు మధ్యాహ్నం ఆవిడ చిన్న కాగితం పట్టుకుని వచ్చింది. ఒక పంక్తి కింద గీత గీసి నా ముందు పెట్టి, వంగి నమస్కారం పెట్టింది. "పాత జబ్బే. ముందే చెప్పారు. ఖర్చు మాది." ఆవిడ చెయ్యి పట్టుకుని పసిపిల్లాడిలా ఏడ్చాను. ఆ మూడు ముక్కలూ ఎవరివో నాకు తెలిసిపోయింది.

అసలేం జరిగిందో ఇంటికొచ్చాక మా ఆవిడ చెప్పింది. సంతకం పెట్టిన మేనేజరు అప్పటికి వేరే ఊరికి బదిలీ అయిపోయాడు. కొత్తాయన ఫైలు తీస్తే నా ఉత్తరం కాపీ లేదు. నేను మొదట "లేవు" అని రాసిచ్చిన ఫారం మాత్రం భద్రంగా ఉంది. జబ్బు దాచి వెళ్లాడు కాబట్టి ఖర్చు మీదేనని చెప్పడానికి ఇంటికి మనిషిని పంపాడు. ఈవిడ గోడ దగ్గరికి పరుగెత్తింది. మావయ్య అన్నం ముందు నుంచి లేచి, చెయ్యి కడుక్కుని, ఇనప్పెట్టె తెరిచారు.

కొత్త మేనేజరు ముందు నాలుగో కాపీ పెట్టారట, కానీ దాన్ని వదల్లేదట. "సదవండి సార్. కాయితం మట్టుకు నా సేతిలోనే ఉంటాది" అన్నారట. ఆయన చదివి, సంతకం పోల్చుకుని, రేపు పంపుతామన్నాడట. "రేపటికి మా అల్లుడి పాదం ఉంటాదో నేదో. ఇయ్యాలే కొట్టించండి. ఏటి రాయాలో నాను సెప్తాను" అని టెలెక్స్ గది గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చున్నారట. యంత్రం టకటకలాడటం ఆగాకే లేచారట. అప్పుడు మా ఆవిడతో, "పదమ్మా, ఇప్పుడు అన్నం తిందారి" అన్నారట.

నేను రెండు పాదాలతో తిరిగొచ్చాను. షిఫ్టు ఇన్‌ఛార్జినీ అయ్యాను. నా సంగతి తెలిశాక ఓడలెక్కేవాళ్లూ, గల్ఫ్ వెళ్లేవాళ్లూ ఫారాలు పట్టుకుని మావయ్య అరుగు మీదకి వచ్చేవారు. రిటైరయ్యాక ఆయనకి అదే పని. ఎవరొచ్చినా మొదటి ప్రశ్న ఒకటే, "నీకున్న రోగం ముందు సెప్పు." కొందరు మొహం ముడుచుకునేవారు. అప్పుడు నన్ను పిలిచి, "అల్లుడూ, నీ మడమ సూపించు" అనేవారు. నేను చెప్పు విప్పి ఆ మచ్చ చూపించేవాణ్ని.

పెద్దకార్యం అయ్యాక అత్తయ్య నన్ను లోపలికి పిలిచింది. ఫ్రిజ్ ఇప్పుడూ అక్కడే ఉంది. ఇనప్పెట్టెలోంచి ఒక కవరు తీసి ఇచ్చింది. "నీకిమ్మన్నాడు మీ మావ. ఎప్పుడో సెప్పి ఉంచేడు" అంది. నాలుగో కాపీ అనుకుని విప్పాను. కాదు. ఆ సాయంత్రం నేను పెన్సిలుతో రాసిన ఉత్తుత్తి టెలెక్స్. ఎవరికో రాయకుండా నేను ఖాళీగా వదిలేసి వచ్చిన పై భాగంలో, నీలం సిరాతో, మావయ్య తన పేరూ కంచరపాలెం ఇంటి నంబరూ రాసి పెట్టారు. కింద తాను రాసిన జవాబు కొట్టేశారు.

కాగితం మడవబోతుంటే అత్తయ్య, "దీనికి కాపీ నాకాడ ఉందిలే" అంది. ఆవిడ వేళ్లకి నీలం అంటుకుని ఉంది.