ఆయుధ పూజ నాడు అమ్మిన తూటాలు

మొన్న పొద్దున అశోక్‌నగర్ నుంచి అత్త ఫోన్ చేసింది. "మామ పోయిండు బిడ్డా" అని ఫోన్ పెట్టేసింది. రాంనగర్‌లో ఆటో ఎక్కి చిక్కడపల్లి దాటేదాకా నాకు ఏడుపు రాలేదు. తర్వాత ఆగలేదు.

మా మేనమామ ఆయన. బషీర్‌బాగ్‌లో తుపాకుల దుకాణం ఉండేది. లైసెన్సు ఉన్నవాళ్ళకు రివాల్వర్లు, తూటాలు అమ్మేవాడు. అయినా అంత పిరికివాణ్ణి నేను చూడలేదు. ఖాళీ రివాల్వర్‌ను కూడా మనిషి వైపు తిప్పనిచ్చేవాడు కాదు. ఇప్పుడే ఖాళీ చేశానని మీరు ఒట్టు పెట్టినా, తెరిచి చూసుకున్నాకే చేతిలోకి తీసుకునేవాడు.

మా ఆయనకు సుల్తాన్ బజార్‌లో బంగారం కొట్టు. లైసెన్సు రాగానే పెద్ద తుపాకి కావాలని మారాం చేశారు. మామ నవ్వి, "చేయి వణికితే పెద్దదైతేంది, చిన్నదైతేంది అల్లుడూ? నీ చేతిలో కుదురుగ నిలిచేదే నీది" అన్నాడు. చివరికి ముప్పై రెండు బోరు రివాల్వర్ ఒకటి ఇప్పించాడు. ఆ రోజే దుకాణం తలుపు దగ్గరికి వేసి, మా ఇద్దరికీ ఒక పాత సంగతి చెప్పాడు.

చాలా ఏళ్ళ కింద, ఆయుధ పూజ నాడు, నారాయణగూడలో బట్టల దుకాణం ఉన్న ఒకాయన తూటాల కోసం వచ్చారు. ముప్పై రెండు బోరువి కావాలన్నారు. ముప్పై రెండులో రెండు రకాలు. రివాల్వర్‌ది వేరు, పిస్టల్‌ది వేరు. తుపాకి చూపించమంటే, "పూజల వెట్టిన, ఇయ్యాల ముట్టొద్దు గద అన్నా" అన్నారు. మామ కూడా తన తుపాకులన్నీ పూజలో పెట్టి, కుంకుమ చేతులతో కూర్చుని ఉన్నాడు. పండుగ పూట వాదనెందుకని, చేతికందిన పెట్టె ఇచ్చేశాడు. అవి పిస్టల్‌వి. ఆయన దగ్గర ఉన్నది పాత రివాల్వర్. పూజలోంచి తుపాకి తీశాక పొలంలో ఒకటి ఆకాశంలోకి పేల్చడం వాళ్ళింట్లో ఆనవాయితీ. తూటాలు సులువుగానే లోపలికి పోయాయి. పేల్చగానే పిస్టల్ తూటా జోరుకు ఆ పాత రివాల్వర్ పగిలి, ముక్క వచ్చి కంట్లో దిగింది. ఎడమ కన్ను పోయింది.

"తుపాకి మీద ఏ ముద్ర కొట్టి ఉంటదో, తూటా అడుగున గూడ గదే ఉండాలె. లోపలికి పోయిందని దానిదే అనుకోవద్దు" అని మా ఆయన చేత రెండూ చదివించాడు మామ. చెబుతున్నప్పుడు తన ఎడమ కన్ను తుడుచుకుంటూనే ఉన్నాడు.

బట్టల దుకాణం ఆయన కేసు పెట్టలేదు. పెట్టి ఉంటే మామ మనసు తేలికపడేదేమో. ఆ తర్వాత తుపాకి ఎదురుగా లేకుండా ఎవరికీ తూటా అమ్మలేదు. దసరాకు దుకాణం తెరవనే లేదు. బస్సు నారాయణగూడ మీదుగా పోతుందని, దుకాణానికి దోమలగూడ మీదుగా నడిచే వెళ్ళేవాడు. ఎండలో, వానలో, మోకాళ్ళు పట్టేసినా అదే దారి. "ఒక్కసారి పోయి తప్పైందనరాదు మామా" అని నేనెన్నిసార్లు పోరానో. "రోజు కలలోకి వస్తడు బిడ్డా. ఏమనడు. ఉత్తగ కూసుంటడు" అనేవాడు. నాకు మామ మీద ఇప్పటికీ కోపమే. తూటాల విషయంలో కాదు, వెళ్ళనందుకు.

మొన్న మామను వరండాలో పడుకోబెట్టాక, నల్లద్దాల పెద్దమనిషి ఒకాయన లోపలికి వచ్చారు. అత్త గుర్తుపట్టి బిగుసుకుపోయింది. ఆయన మామ తల దగ్గర కూర్చున్నారు.

"తుపాకి తేకుంటనే పండుగ పూట జల్ది జేసిన. తప్పు నాది గూడ ఉన్నదని చెప్దామనుకున్న. నువ్వు రావని తెల్సి నేనే వచ్చేది ఉండె. నువ్వు పరేషాన్ అయితవని రాలే" అన్నారు. "ఒక్కసారన్న రాకపోతివి గదన్నా."

తర్వాత అద్దాలు తీశారు. మామ ముఖం ఆయనకు కన్ను లేని ఎడమ వైపున ఉంది, సరిగా కనబడడం లేదు. తల మొత్తం మామ వైపు తిప్పి, మెడ వంచి, మిగిలిన కంటితో చాలాసేపు చూశారు.