ఆ ప్యాకేజీ తీయను

సౌదీలోని జుబైల్‌లో ఒక కాంట్రాక్టు కంపెనీలో డాక్యుమెంట్ కంట్రోలర్‌గా పనిచేస్తున్నాను. ఆఫీసులు వదిలించుకునే పాత ల్యాప్‌టాప్‌లు మా క్యాంపు గదులకు చేరుతుంటాయి. రెండు జీబీ ర్యామ్‌తో ఈడ్చుకుంటూ నడిచే ఆ మిషన్ల కోసం, రియాద్‌లో ఉన్న హైదరాబాదీ మిత్రుడూ నేనూ కలిసి ఒక చిన్న లైనక్స్ డిస్ట్రో, అంటే విండోస్ బదులు ఉచితంగా వేసుకునే ఆపరేటింగ్ సిస్టమ్, తయారుచేయడం మొదలుపెట్టాం. ఇన్‌స్టాల్ చేయగానే అందులో ఏయే ప్రోగ్రాములు ఉండాలో తేల్చుకోవడానికే నెలలు పట్టింది. కాగితాల పనికి అన్నిటికంటే చిన్న రైటర్‌ను ఎంచుకున్నాం. రెప్పపాటులో తెరుచుకునేది. ఇద్దరం మురిసిపోయాం.

దాన్ని మొదట వాడింది నా గదిలోనే ఉండే రాయచోటి ఫిట్టర్. నాకంటే పెద్దవాడు, భాయ్ అంటాను. రాస్ తనూరాలో షట్‌డౌన్ పనికి, అంటే ప్లాంటు ఆపి చేసే మరమ్మతులకు, మనుషుల్ని తీసుకుంటున్నారని విని అందులోనే ఫారం నింపి పంపాడు. ఒక పక్క ఇంగ్లీషు, ఒక పక్క అరబిక్ ఉండే ఫారం. రెండు రోజుల తర్వాత కాగితం పట్టుకుని వచ్చాడు.

“వెనక్కి కొట్టినారు నాయనా. మన తెర మీద బాగనే ఉండె. వాళ్ళ కంప్యూటర్లో తెరిస్తే అరబ్బీ అక్షరాలన్నీ విడిపోయినాయంట. గడులు యాడివి యాడికో పోయినాయి.”

బజారులో టైపింగ్ షాపుకు తీసుకెళ్ళి మళ్ళీ చేయించేసరికి జాబితా మూసేశారు.

“నీ మిషన్ తేలికే గానీ, నా కాయితమే తేలిపోయింది,” అన్నాడు. కోపంగా అనలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

ఆ సాయంత్రమే మిత్రుడికి ఫోన్ చేసి, చిన్న రైటర్ తీసేసి, అరబిక్ చెదరకుండా ఉంచే పూర్తి ఆఫీసు ప్యాకేజీ పెడదామన్నాను.

“లైట్ డిస్ట్రో అని చెప్పి గంత పెద్దది పెడితే నవ్వుతరు. కావాల్నంటే వాళ్ళే ఇన్‌స్టాల్ చేసుకుంటరు గదా,” అన్నాడు.

“ఎట్ల చేసుకుంటారు? ఎనిమిది మంది పంచుకునే వైఫై మాది. మార్చుకోవచ్చని కూడా భాయ్‌కి తెలీదు. మనం ఏది పెడితే అదే ఆయనకు కంప్యూటరు.”

“ఫైల్ సైజ్ ఎంత పెరుగుతదో చూసినవా?”

“చూసినా. డిస్కులో జాగా ఉంది. తెరిస్తే తప్ప ర్యామ్ తినదు. నవ్వేవాళ్ళని నవ్వనీ.”

తర్వాత రెండు వారాలు ఒక్కణ్ణే కూర్చున్నాను. సైజు కొంతైనా తగ్గాలని, తెర మీద విండోలు కదిలే హంగులు, పదుల కొద్దీ వాల్‌పేపర్లు, రెండో మ్యూజిక్ ప్లేయరు, ఎవరూ తెరవని మెయిల్ ప్రోగ్రాము తీసేశాను. నాకిష్టమైన చదరంగం కూడా తీసేశాను. దానికి మాత్రం మనసొప్పలేదు. అదే ఫారం కొత్త ప్యాకేజీలో నింపి, మా ఆఫీసు కంప్యూటర్లో తెరిచి, ప్రింటు తీసి భాయ్‌కి ఇచ్చాను. ఖురాన్ చదివే మనిషి, అక్షరం తప్పితే ఇట్టే పట్టేస్తాడు. వేలు పెట్టి గడి గడీ చూసి, “ఇది పోతాది,” అన్నాడు.

కొత్త వెర్షన్ బయట పెట్టగానే ఒక ఫోరంలో ఎవరో ‘ఇది లైట్ కాదు, లావు’ అని రాశారు. ప్రాజెక్టు పేజీ నుంచి తన పేరు తీసేయమన్నాడు మిత్రుడు. తీసేశాను. బాధేసింది. ప్యాకేజీ మాత్రం తీయలేదు.

తర్వాతి షట్‌డౌన్‌కు భాయ్ పంపిన ఫారం వెనక్కి రాలేదు. ఇప్పుడు రాస్ తనూరాలో ఉన్నాడు.

లైట్ డిస్ట్రోల జాబితాలు రాసేవాళ్ళు మాది చేర్చరు. చేర్చమని నేను అడగను. ఈ మధ్య జెద్దా నుంచి ఒకతను, ఆ ప్యాకేజీ లేని వెర్షన్ కూడా ఇవ్వగలరా అని రాశాడు. ఇవ్వనన్నాను. దాన్ని ఎలా తొలగించుకోవాలో నాలుగు లైన్లలో రాసి పంపాను. తీయడం తెలిసినవాళ్ళు తీసేసుకోవచ్చు. తెలియనివాళ్ళకు అది ఉండి తీరాలి.