చెలిమె మీది నల్లమద్దులు

బొగ్గుబావిలో కట్టె మాట్లాడుతుందని నాకు మొదట చెప్పింది మా అక్క భర్త. గోదావరిఖనిలో ఇద్దరం ఒకే గనిలో పనిచేసేవాళ్లం. నేను పైన కట్టెల యార్డులో గుమాస్తాను, బావ లోపల టింబర్‌మన్. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం, చెక్క దిమ్మెలు అడ్డంగా నిలువుగా పేర్చి ఆసరా కట్టడం ఆయన పని. పైనున్న బండ కదిలితే ముందు ఆ కట్టె మీద బరువు పడుతుంది. కట్టె కిర్రుమంటుంది, పీచు పీచుగా చిట్లుతుంది. ఆ చప్పుడు వినగానే చేతిలో ఉన్నది వదిలేసి ఉరకాలి.

"ఇనుము మూగది బామ్మర్దీ. చెప్పకుండ పడ్తది. కట్టె గట్ల కాదు, ముందుగాల చెప్తది," అనేవాడు బావ.

అన్ని కట్టెలూ ఒకే తీరుగా చెప్పవని ఆయన నమ్మకం. లారీ వచ్చిందంటే డ్యూటీకి ముందే యార్డుకు వచ్చి, గొడ్డలి వెనకవైపుతో ఒక్కో దుంగను కొట్టి వినేవాడు. నల్లమద్ది అయితే ముఖం వెలిగేది. మెత్తకట్టె అయితే కాలితో పక్కకు నెట్టేవాడు. "ఇది పొయ్యిలకు పోవాలె, నా నెత్తిమీదికి కాదు." ఆయన్ను చూసి మిగతా టింబర్‌మన్‌లూ మద్దే కావాలనడం మొదలుపెట్టారు. మా యార్డు నుంచి కాంట్రాక్టరుకు పోయే కబురూ అదే అయింది, మద్ది పంపండి అని.

బావ ఊరు గోదావరి అవతల. మంచిర్యాల దాటాక బస్సు దిగి అడవిలో నడవాలి. అరవైల చివర ఒక ఎండాకాలం ఆయనతో పాటు మొదటిసారి వెళ్లాను. దారంతా మాడిపోతున్న ఎండ. వాగు దగ్గరికి రాగానే ఎవరో తడిగుడ్డ కప్పినట్టయింది. ఆ ఒడ్డున ఉన్నవన్నీ ముసలి మద్దులు. ఇద్దరం చేతులు చాచినా అందని మొదళ్లు, మొసలి వీపులా పగిలిన నల్లటి బెరడు. చచ్చిన చెట్టును కూడా ఎవరూ తీయలేదు. నిలబడి ఎండినదాని తొర్రల్లో చిలుకలు కాపురం పెట్టాయి, పడిపోయినదాని మీద నాచు పట్టి కొత్త మొక్కలు లేచాయి. పైకొమ్మల్లో పిల్లి అంత ఎర్ర ఉడుత ఒకటి మమ్మల్ని చూసి అరుస్తూనే ఉంది. నాటినవాళ్లు లేని అడవి అది. అడుగుపెడితే పాదం ఆకుల్లోకి దిగిపోయేది.

వాగు ఎండింది కానీ, మద్దుల కింద ఇసుకలో తోడిన చెలిమెలో నీళ్లు ఊరుతున్నాయి. ఆ గూడెం మొత్తం తాగేది అవే. బావ వాళ్ల అమ్మ, నాకు అత్త వరస, అక్కడ బిందె ముంచుతూ కనిపించింది. చిన్నకొడుకు, కోడలితో కలిసి ఆమె మద్ది కొమ్మల మీద దసలి పట్టుపురుగులు పెంచేది.

"ఏందిరా పందికొక్కూ, బొక్కల నుంచి బయటికొచ్చినవా?" అంది కొడుకును చూసి.

"నీ మద్దులే నన్ను బొక్కల కాస్తున్నయే అవ్వా."

"గవి నావి కావు. నావైతే ఈడనే ఉంటయి."

నా ఎండిన పెదవులు చూసి ఆమె ఒక ముసలి మద్ది దగ్గరికి తీసుకెళ్లింది. మొదలు మీద ఒకచోట కడుపులా ఉబ్బి ఉంది. చిన్న గొడ్డలితో అక్కడ గాటు పెట్టింది. చెట్టులోంచి నీళ్లు చిమ్మాయి. దోసిలి పట్టాను. చల్లగా, వగరుగా ఉన్నాయి.

"ముసలియే గిట్ల ఇస్తయి బిడ్డా. పడుసు చెట్లకు వాటి కడుపే నిండది," అంటూ గాటులో బంకమట్టి కూరి, అరచేత్తో ఒత్తి మూసింది. అలాంటి పాత గాట్లు, మట్టిని పట్టుకునే పూడిన మచ్చలు, ఆ మొదళ్ల నిండా ఉన్నాయి.

కొన్నేళ్లకు బావ తమ్ముడు గోదావరిఖనిలో బావ క్వార్టర్‌కు వచ్చాడు. కూర్చోకుండానే చెప్పాడు.

"అన్నా, అడివి కూపుల వడ్డది, అంత నరుకుతరట. వాగు మీది చెట్లకు నంబర్లు కొట్టిన్రు. చెలిమె పోతే ఊరిడిసి పోవుడే. అవ్వ అన్నం తింటలేదు."

మర్నాడే బావ, నేను సెలవు పెట్టి వెళ్లాం. మేం చేరేసరికి అడవి సగం నేల మీద ఉంది. కాంట్రాక్టరు మేస్త్రీ ఒక దుంగ మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. పెద్దమనిషే.

"కాకా, వాగు పొంటి మద్దులను ఇడిసిపెట్టు. మా చెలిమె ఎండిపోతది," అన్నాడు బావ.

"ఏం పని జేస్తవ్ నువ్వు?"

"గనిల టింబర్‌మన్‌ను."

మేస్త్రీ నవ్వాడు. "మద్ది తప్ప ఒద్దని లారీలు మర్లగొట్టేది మీరే, మద్ది కొట్టొద్దని వచ్చేది మీరేనా? మరి నీ నెత్తిమీద ఏం పెట్టమంటవ్? తునికాకులా?"

చుట్టూ ఉన్న కూలీలు కూడా నవ్వారు. బావ వచ్చి మేస్త్రీ ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. తరువాత, "నా నెత్తి సంగతి నేను జూసుకుంట. మా అవ్వ నీళ్లను ఇడిసిపెట్టు," అన్నాడు.

మేస్త్రీ గ్లాసు కింద పెట్టాడు. "సరే తమ్మీ. చెలిమె చుట్టున్న నాలుగు చెట్లు ఇడిసిపెడ్త. అడివి కాసే జంగ్లాత్ సారుకు నేను చెప్పుకుంట. ఫికర్ జెయ్యకు."

ఆయన మాట తప్పలేదు. తిరుగు ప్రయాణంలో బావ మంచిర్యాలలో జిలేబీలు కొని అక్కకు తెచ్చాడు. చెలిమె దక్కిందనే మేమంతా అనుకున్నాం.

కొద్దిరోజులకు ఆ అడవి లారీల మీద మా యార్డుకు వచ్చింది. సన్నవి దుంగలుగా, లావువి కోసిన దిమ్మెలుగా. ఒక దిమ్మె బెరడు మీద పూడిన గాటు, అందులో రాయిలా గట్టిపడిన మట్టి. బావ దాని మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు.

"బావా, పక్కకు పెట్టియ్యనా?" అన్నాను.

"పక్కకు పెట్టి ఏం జేస్తవ్ బామ్మర్దీ? మొలుస్తదా?" అని గొడ్డలి వెనకవైపుతో కొట్టి విన్నాడు. "మంచి కట్టె. లోపలికి పంపు."

వదిలిన నాలుగు మద్దులకు ఇప్పుడు గాలిని ఆపే తోటి చెట్ల సోపతి లేదు. మొదటి వానాకాలమే ఒకటి వేళ్లతో సహా ఒరిగిపోయింది. ఎన్నడూ ఎండ చూడని నేల కాలి, మిగిలిన మూడింటికి పైనుంచి కొమ్మలు ఎండుతూ వచ్చాయి. ఆకుల పొర కొట్టుకుపోయి వాగు ఎర్రగా పారింది, చెలిమె ఇసుకతో పూడింది. ఎండాకాలం మోకాలి లోతు తోడితే దొరికే నీళ్లకు నడుం లోతు తోడారు. ఆ మరుసటి ఎండాకాలం మనిషి దిగినా తడి తగలలేదు. అత్త చివరి మద్దికి గాటు పెట్టి చూసిందట. పొడి పొట్టు రాలింది. నరికిన చోట నీలగిరి మొక్కలు వరుసలుగా లేచాయి. వాటి ఆకును దసలి పురుగు ముట్టదు. గూడెం వాళ్లు ఒక్కొక్కరే కదిలారు.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం బావ పనిచేసే చోట పైకప్పు దిగింది. ఒక్కరికీ దెబ్బ తగలలేదు. బండ కూలకముందే అందరూ బయటపడ్డారు. దీపాల గది దగ్గర అందరూ ఒకరినొకరు కావలించుకుంటుంటే బావ మాత్రం గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"మద్ది గంత గట్టిగ మొత్తుకోంగ నేనెన్నడు ఇనలే," అన్నాడు నాతో. "మా వాగు దిమ్మెలన్ని బండ కిందనే పోయినయి."

ఆ రోజు డైరీలో 'అందరూ క్షేమం' అని రాసుకున్నాను. ఇప్పుడు ఆ పేజీ తిప్పినప్పుడల్లా ఆ రెండు మాటల దగ్గర చూపు ఆగిపోతుంది.

ఎండలు ముదిరాక అత్త అక్కా బావల క్వార్టర్‌కు వచ్చేసింది. చిన్నకొడుకు మట్టిపనికి వలసపోయాడు. అత్త నల్లా నీళ్లు నోట్లో పోసుకుని, మింగకుండా కాసేపు ఉంచుకునేది. ఒక మాపటేళ బావ షిఫ్టు దిగి వచ్చి, అన్నం ముందు కూర్చున్నాడు. ఏదో పనిమీద వెళ్లిన నేను అక్కడే ఉన్నాను.

"అరేయ్, మన మద్దులు నీ గనిల ఉన్నయా?" అని అడిగింది అత్త.

"ఉన్నయే అవ్వా."

"నిలవడ్డయా?"

బావ నా వైపు చూడలేదు. "నిలవడ్డయి," అన్నాడు.

"ఆడనన్న ఉండనియ్," అని ఆమె నీళ్ల గ్లాసు కొడుకు వైపు జరిపింది. బావ ఆ గ్లాసు ముట్టకుండానే లేచి వెళ్లి చెయ్యి కడుక్కున్నాడు.