పరుపు మీద, మెట్ల మీద

హుజూరాబాద్‌లో మాది బట్టల దుకాణం. చీరను చూసి మంచిగున్నదని పొగిడేవాళ్ళు చాలావరకు పొగిడి వెళ్ళిపోతారని, అంచు తిప్పి, పోగు లాగి, వంకలు పెట్టేవాళ్ళే కొంటారని మా బాపు అంటుండేవాడు. ఆ ఒక్క ముక్క పట్టుకునే నేను కరీంనగర్‌లో డిగ్రీ పిల్లలకు చదవడం, విమర్శ రాయడం నేర్పుతున్నాను. అంతకుమించి నా దగ్గర సరుకు లేదు.

ఏ పాఠం ఇచ్చినా పిల్లలు గైడ్‌లోంచి దించినట్టు ‘రచయిత చాలా చక్కగా వర్ణించారు’ అని మొదలుపెట్టేవాళ్ళు. ఆ వాక్యాన్ని నిషేధించాను. కాగితం మీద ఏముందో చూడండి, ఎక్కడుందో వేలు పెట్టి చూపించండి, అదే రాయండి అన్నాను. ఎంత రాయాలని అడిగితే మూడు పేజీలన్నాను. అర పేజీ అన్నారు. కాసేపు గుంజులాడి ఒక పేజీకి ఒప్పుకున్నాను. నాకు కావలసింది మొదటినుంచీ ఒక పేజీయే.

ఈ ఏడు ఒక తెలివైన పని చేశాను. కాలేజీ సంచికకు ఇద్దామని మా దుకాణం గురించి రాసుకున్న వ్యాసం ఒకటుంది. పేరు తీసేసి, జిరాక్స్ తీయించి, విమర్శ రాయమని క్లాసులో పంచాను. నిజం చెప్పాలంటే విమర్శ కోసం కాదు, పొగడ్త కోసం. నిషేధించిన ఆ వాక్యం నా ఒక్కడి కోసం దొంగచాటుగా వచ్చినా కాదనేవాణ్ణి కాదు. కాగితాలన్నీ చేతికొచ్చాక ఉండబట్టలేక, రాసింది నేనేనని చెప్పేశాను. నవ్వులు, ఒకటి రెండు చప్పట్లు. మూడో బెంచీలో ఒకమ్మాయి మాత్రం నవ్వలేదు.

మధ్యాహ్నం ఆ అమ్మాయి స్టాఫ్ రూమ్‌కి వచ్చింది. వ్యవసాయం చేసుకునేవాళ్ళ పిల్ల, క్లాసులో నోరు విప్పదు. తన కాగితం వెనక్కి ఇమ్మంది.

“గిది వద్దు సార్. రేపు వేరేది రాసుకొస్త.”

“ఏం, గిది మంచిగ లేదా?”

“మీదని తెల్వక రాసిన సార్.”

ఇంటర్నల్ మార్కులు నా చేతిలో ఉంటాయి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. కానీ ఇచ్చిన సరుకు వెనక్కి అడిగారంటే అందులో ఏదో ఉందని దుకాణంలో పెరిగినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. కట్టలోంచి ఆమె కాగితం లాగి అక్కడే చదివాను.

‘మొదటి పేజీలో, మా దుకాణంలో చిన్నా పెద్దా తేడా లేదు, అందరికీ ఒకటే మర్యాద అని ఉంది. మూడో పేజీలో, పెద్దిళ్ళ ఆడవాళ్ళు వస్తే పరుపు మీద తెల్లదుప్పటి పరిచేవారని ఉంది. పత్తి అమ్ముకుని వచ్చినవాళ్ళు మెట్ల మీద కూర్చుని చీరలు చూసేవారని కూడా ఉంది. రచయిత అబద్ధం చెప్పలేదు. రెండూ చూశాడు. రెండూ పక్కపక్కన పెట్టి చూడలేదు.’

ముందు కోపమే వచ్చింది. మెట్ల మీద నీడ ఉండేదని, గాలి బాగా తగిలేదని, వాళ్ళకే అక్కడ ఇష్టమని చెప్పడం మొదలుపెట్టాను. ఆమె తలవంచుకుని వింటోంది. చెబుతుంటే నా గొంతు నాకే బాపు గొంతులా వినిపించింది. రంగు వెలిసిన చీరను చేతిలో పెట్టి, ఉతికితే ఇంకింత మంచిగైతది అని చెప్పేటప్పటి గొంతు అది. ఆగిపోయాను. ఇది నీకెట్లా తట్టిందని అడిగాను.

“మా అవ్వ గిప్పటికీ బట్టల దుకాణంల కూసోదు సార్. కూసోమన్నా నిలబడే చూస్తది.”

“మరి గది ఎందుకు రాయకపోతివి?”

“కాయితం మీద ఉన్నదే రాయమంటిరి కద సార్.”

కాగితం వెనక్కి ఇస్తే రేపు ‘చాలా చక్కగా వర్ణించారు’ అనే పేజీ ఒకటి వస్తుంది. నా వ్యాసం సంచికలో ఉన్నదున్నట్టు అచ్చవుతుంది. ఈ పిల్ల మళ్ళీ నోరు విప్పదు. ఇవ్వనన్నాను. మార్కులకు ఫికర్ చేయొద్దన్నాను. నష్టానికి ఇస్తున్నానని బాపు అన్నప్పుడు జనం చూసే చూపుతోనే ఆమె నన్ను చూసింది. అయితే రేపు క్లాసులో చదువు, అందరి ముందే మార్కులు వేస్తానన్నాను.

“ముందుగాల మీరు మీది చదవాలె సార్. గా రెండు జాగలు మంచిగ వినపడేటట్టు. అప్పుడు నేను చదువుత.”

మొదట చెప్పిన ధరకు నేను ఎక్కడా ఏదీ కొన్నవాణ్ణి కాదు. మొదటి పేజీ ఒక్కటి చదివితే చాలదా అని అడిగి చూశాను. చాలదంది. సరేనన్నాను.

మర్నాడు ఆమె కాగితం ఆమె చేతికిచ్చి, నాది చదివాను. ‘అందరికీ ఒకటే మర్యాద’ దగ్గర గొంతు బాగానే ఉంది. మూడో పేజీకి వచ్చేసరికి క్లాసంతా జిరాక్సుల మీద వేళ్ళు పెట్టి నా వెంటే వస్తున్నారు. మెట్ల దగ్గర కొంచెం వేగం పెంచబోయాను.

“జర మెల్లగ సార్,” అంది మూడో బెంచీలోంచి.

వెనక్కి వెళ్ళి ఆ వాక్యం మళ్ళీ చదివి, కూర్చున్నాను. ఆమె తన కాగితం పట్టుకుని లేచింది.